తొమ్మిదో నంబరు వైరు

శవాన్ని తీసుకెళ్ళి పావుగంటయింది. ఆ ముసలాయన ప్రాణం పోయిన కుర్చీలోనే ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కూర్చుని టీ తాగుతున్నాడు.

"లేవండి నాయనా," అంది అత్తగారు గుమ్మంలోంచే. "హత్య జరిగిన కుర్చీలో కూర్చుని టీ తాగే పోలీసుని ఇన్నేళ్ళలో ఇవాళే చూశాను. ఆ టీ కూడా చల్లారిపోయినట్టుంది, మీ బుర్రలాగే."

ఇన్‌స్పెక్టర్ లేవలేదు. గ్లాసు మాత్రం బల్ల మీద పెట్టాడు. "ఫొటోలయ్యాయి, వేలిముద్రలయ్యాయి, కేసు కూడా అయిపోయిందండీ అత్తగారూ. మీరు భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా వచ్చారు."

ఆవిడ అసలు పేరు డిటెక్టివ్ లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. పెళ్ళి చేసుకోలేదు, కొడుకులు లేరు, కోడళ్ళు అసలే లేరు. అయినా పోలీసుల దగ్గర్నుంచి దొంగలదాకా అందరూ అత్తగారనే పిలుస్తారు. ఎక్కడ అడుగుపెట్టినా ముందు వంక పెడుతుంది, తర్వాతే విషయం అడుగుతుంది. యాభై ఆరేళ్ళు వచ్చేసరికి ఆ బిరుదుకి అలవాటు పడిపోయింది. అందులో కొంచెం గర్వం కూడా ఉంది.

చచ్చిపోయిన మనిషి కూడా ఆవిడ జాతివాడే. పుస్తకాల్ని ఈ-బుక్కులుగా మార్చే ఆఫీసు ఇది. ఈ-బుక్కు చదివే యంత్రాల్ని రీడర్లంటారు; ఒక కంపెనీ రీడర్ తినే ఫైలు ఇంకో కంపెనీ రీడర్ తినదు, తిన్నా అరగదు. అందుకని ఏ పుస్తకాన్నైనా బయటికి పంపేముందు పదిహేను రకాల రీడర్లలో తెరిచి, మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చూడాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తున్నది అరవై నాలుగేళ్ళ పెద్దమనిషి ఒక్కడే. ఏ పుస్తకాన్నీ మొదటిరోజు సరే అన్న పాపాన పోలేదు. ఆఫీసంతా ఆయన్ని వంకల మాస్టారు అనేవారు. ఇవాళ మధ్యాహ్నం ఎవరో వెనకనుంచి వచ్చి, చార్జర్ వైరు మెడకి చుట్టి చంపేశారు. అత్తగారు ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు, అయినా దగ్గరివాళ్ళు పోయినంత బాధగా ఉంది.

"చెప్పండి, ఎవరిని ఉరెయ్యబోతున్నారు?"

"కోడల్ని," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ కోడల్ని కాదు లెండి, మీకు ఆ అదృష్టం లేదు. మాస్టారి కోడలు. ఇక్కడే ఫైళ్ళు తయారుచేస్తుంది. కోడలు ఫైలు చెయ్యాలి, మామగారు వంకలు పెట్టి వెనక్కి పంపాలి. ఈ పుస్తకం పదకొండు సార్లు వెనక్కి పంపాడు. పొద్దున పదింటికి ఇద్దరికీ గొడవైంది. 'మీరు చస్తేగానీ ఈ పుస్తకం బయటికి పోదు' అని ఆ పిల్ల అరిచింది. మధ్యాహ్నానికి ముసలాయన చచ్చాడు. ఇక ఆలోచించడానికేముంది? ఐదింటికి స్టేషనుకి తీసుకెళ్తున్నాను."

అత్తగారు తన చేతి గడియారం చూసుకుంది. నాలుగూ ముప్ఫై ఐదు. పక్కగదిలో ఆడ కానిస్టేబుల్ ఎదురుగా కూర్చున్న ఆ అమ్మాయిని వస్తూనే చూసింది. ఆ అమ్మాయి భర్తే గంట క్రితం ఫోన్ చేసి ఏడ్చాడు. 'నాన్నని ఎలాగూ పోగొట్టుకున్నానండీ, నా భార్యని దక్కించండి, ఆరేళ్ళ పాప ఉంది' అన్నాడు.

"నోటిమాటకి ఉరేసేటట్టయితే మా ఇంటి ఓనరుని నేనెప్పుడో చంపినట్టు లెక్క. సాక్ష్యం ఏముంది?"

"ఇదిగో." ఇన్‌స్పెక్టర్ బల్లమీది రిజిస్టరు ఇటు తిప్పాడు. "మాస్టారు ఒక్కో రీడర్ చూడడం మొదలుపెట్టేముందు పెన్సిలుతో టైము వేస్తాడు. చూశాక టిక్కు పెడతాడు. పదిహేనో నంబరు టైము రెండూ యాభై ఐదు, దానికీ టిక్కు ఉంది. అంటే అప్పటికి బతికే ఉన్నాడు. మూడూ పదికి మేనేజరు వచ్చి చూసేసరికి శవం. ఇవాళ సగం రోజు సెలవు, ఆఫీసులో ఉన్నది ముగ్గురే. మేనేజరు రెండూ ఐదుకి బయటికెళ్ళాడు, మూడుదాకా ఆసుపత్రి ఆఫీసులో పదిమంది మధ్య ఉన్నాడు. కోడలు రెండున్నర నుంచీ ఇక్కడే, ఒంటరిగా."

"డాక్టరు ఏమన్నాడు?"

"గదిలో ఏసీ గడ్డకట్టేలా ఉంది, ఒంటిగంటకీ మూడింటికీ మధ్య ఎప్పుడైనా కావచ్చన్నాడు. డాక్టరు చెప్పలేనిది రిజిస్టరు చెప్పింది."

"రిజిస్టరు చెప్పింది, మీరు విన్నారు. దాన్నే విచారణ అనుకుంటున్నారా నాయనా?"

మేనేజరు ఆహ్వానం లేకుండానే లోపలికి వచ్చాడు. నలభై దాటిన నున్నటి మనిషి. అతని వెనక గోడమీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది: ఒక్క ఫైలు, అన్ని రీడర్లు. దాని కింద అతని ఫొటో. తన ఫొటో తన ఆఫీసులోనే వేలాడదీసుకునే మగవాళ్ళని అత్తగారు ఎప్పుడూ నమ్మలేదు.

"చాలా ఘోరం జరిగిపోయింది మేడమ్. నాకు తండ్రిలాంటివారు," అన్నాడు మేనేజరు. చేతిలో ఫోను తిప్పుతూ చుట్టూ చూశాడు. "ఇక్కడ ఎవరి దగ్గరైనా చార్జరుందా? ఫోను చచ్చిపోయింది, ఇంటికి కబురు చెప్పాలి."

గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ తన వైరు తీసిచ్చాడు. మేనేజరు దాని కొస చూసి పెదవి విరిచాడు. "ఇది నా ఫోనుకి పట్టదు."

"అన్ని రీడర్లకీ ఒక్కటే ఫైలు పట్టించగలిగిన మొనగాడికి ఒక్క ఫోనుకి వైరు పట్టలేదా?" అంది అత్తగారు.

మేనేజరు నవ్వాలా వద్దా తేల్చుకోలేక సగం నవ్వాడు.

"ఏం పుస్తకమిది?" అడిగింది ఆవిడ.

"మందుల మోతాదుల పుస్తకం మేడమ్. నర్సుల కోసం. ఏ వయసుకి, ఏ బరువుకి, ఏ మందు ఎంత వెయ్యాలో పట్టికలుంటాయి. పన్నెండు ఆసుపత్రులు ఇవాళ మూడింటి కోసం ఎదురుచూశాయి."

"మా ఆవిడ పిల్లల ఆసుపత్రిలో హెడ్ నర్సు," ఇన్‌స్పెక్టర్ గర్వంగా అందుకున్నాడు. "నెల నుంచీ ఈ పుస్తకం గురించే చెబుతోంది. లావుపాటి పుస్తకం తిరగేసి తిరగేసి చేతులు పడిపోతున్నాయట."

"ఇంక ఆ బాధ లేదు సార్," అన్నాడు మేనేజరు.

అత్తగారికి ఆసుపత్రి కబుర్లు అక్కర్లేదు. "మీరు రెండూ ఐదుకి వెళ్ళేముందు మాస్టారిని చూశారా?"

"చూశాను మేడమ్. ఈ గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానని చెప్పాను. తొమ్మిదోది కూడా సరిపోయింది, పదోది మొదలుపెడుతున్నా అన్నారు. నవ్వారు కూడా."

"తొమ్మిదోది సరిపోయిందని ఆయన నోటితో అన్నారా?"

"నా చెవులతో విన్నాను."

"సరే. బయట కూర్చోండి, దూరం పోకండి."

అతను వెళ్ళాక అత్తగారు అలమార దగ్గరికి వెళ్ళింది. గోడ పొడుగునా పదిహేను రీడర్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద నంబరు చీటీ అంటించి ఉంది. కొన్ని అరచేతంత, కొన్ని పలకంత, ఒకటి మూల పగిలి టేపు వేయించుకుంది. ప్రతిదాని వైరూ అలమార అంచుకి టేపుతో కట్టేసి ఉంది, ఒకదానిది ఇంకోదాంట్లో కలవకుండా. పద్నాలుగు తెరలు వెలుగుతున్నాయి. తొమ్మిదోది మాత్రం నల్లగా ఉంది. అన్నిటికంటే లావుగా, పాత ఇనప్పెట్టెలా ఉన్న యంత్రం అది.

"వీటి గడియారాలు చూశారా? ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో ఇవే చెబుతాయిగా."

"అంత తెలివితక్కువవాణ్ణి కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒకటి అర్ధరాత్రంటోంది, ఒకటి ఆరేళ్ళ కిందటి తేదీ చూపిస్తోంది. ఏ రెండిటికీ పొత్తు కుదరలేదు. రిజిస్టరే దిక్కు."

ఆవిడ ఒక్కో తెరా చూసుకుంటూ పోయింది. వెలుగుతున్నవన్నీ పుస్తకం చివరి పేజీలో ఆగి ఉన్నాయి. తర్వాత రిజిస్టరు దగ్గరికి వచ్చి టైముల మీద వేలు పెట్టి చదివింది. పన్నెండూ రెండు, పన్నెండూ పదిహేడు, పన్నెండూ ఇరవై ఆరు, పన్నెండూ నలభై నాలుగు. ఎనిమిదో నంబరుకి ఒంటిగంటా ఇరవై ఎనిమిది. తొమ్మిదికి ఒంటిగంటా నలభై, ఆ పైన రెండూ ఐదు, రెండుంబావు, రెండూ ఇరవై ఐదు, అలా పదేసి నిమిషాలు.

"ఎనిమిదిదాకా మనిషి పనిచేశాడు," అంది. "పది నుంచి కొలబద్ద పనిచేసింది. ఒకటి తొమ్మిది నిమిషాల్లో, ఒకటి పద్దెనిమిది నిమిషాల్లో చూసిన ముసలాయన, ఉన్నట్టుండి రైలు టైముల్లో పడ్డాడా?"

"అలిసిపోయి తొందరగా తేల్చేసి ఉంటాడు. అంకెలు సరిగ్గా ఉంటే కూడా మీకు వంకేనా?"

"సరిగ్గా ఉంటేనే నాకు వంక."

ఆవిడ తొమ్మిదో రీడర్‌ని చేతిలోకి తీసుకుంది. బరువుంది. దాని వైరు లేదు. అలమార అంచు మీద అక్కడ టేపు గుర్తు కూడా లేదు. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అడుగున వైరు పెట్టే చోటు వెడల్పుగా, దువ్వెనలాగా సన్నటి పళ్ళతో ఉంది. కొన్ని పళ్ళు వంగిపోయాయి. చుట్టూ గీతలు తాజాగా మెరుస్తున్నాయి. లోపల ఇంకేదో ఇరుక్కుని ఉంది. వేలిగోరంత ఇనప ముక్క, ఆ దువ్వెనకి సంబంధం లేనిది.

"మెడకి చుట్టిన వైరు ఏది?"

ఇన్‌స్పెక్టర్ సీలు వేసిన ప్లాస్టిక్ సంచి ఎత్తి చూపించాడు. లోపల పొడుగాటి తెల్లటి వైరు, పాతబడి పసుపు తిరిగింది. కొస వెడల్పుగా ఉంది. "తుడిచేశారు, ముద్రలేవీ లేవు. ఇక్కడిదే ఏదో వైరు."

"ఇక్కడిదే ఏదో వైరు," అని ఆవిడ అతని మాటే అతనికి తిరిగిచ్చింది. "ఏ వైరో చూడకుండానే సీలు వేశారు. మీరు బంగారం కొట్లో దొంగతనం జరిగినా 'ఇక్కడిదే ఏదో నగ' అని రాసుకుంటారేమో."

ఆ మాటకి అతని ముఖం ఎర్రబడింది. అత్తగారు రీడర్ని చంకలో పెట్టుకుని పక్కగదిలోకి నడిచింది. నాలుగూ యాభై అయింది.

కోడలికి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏడవడం అయిపోయి, కళ్ళు ఎండిపోయి కూర్చుంది.

"మామగారిని చంపావా?" అంది అత్తగారు కూర్చుంటూనే.

"లేదండీ."

"చంపాలనిపించిందా?"

అమ్మాయి తలెత్తింది. "రోజుకి రెండుసార్లు అనిపించేది. పదకొండు సార్లు వెనక్కి పంపారండీ. రాత్రి అన్నం తింటూ కూడా పట్టికల గురించే. కానీ ఇంట్లో నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. పొద్దున నేనన్న మాటే ఆయన నా నోట విన్న ఆఖరి మాటండీ. అదే నాకు..." ఆగిపోయింది.

అబద్ధమాడేవాళ్ళు మొదటి ప్రశ్నకి గుండెలు బాదుకుంటారు, రెండోదానికి ఒట్టు పెడతారు. ఈ పిల్ల రెండూ చెయ్యలేదు. అత్తగారికి అంతటితో అనుమానం తీరిపోయింది, కానీ తన అనుమానం తీరితే కోర్టు ఊరుకోదు.

"ఒంటిగంట నుంచి ఎక్కడున్నావు?"

"పాప స్కూల్లో. ఒంటిగంటన్నర నుంచి రెండుంబావుదాకా టీచరు ఎదురుగానే ఉన్నాను. రెండున్నరకి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. ఆయన గది తలుపు మూసి ఉంది. మాటల్లేవు కదాని తొంగి చూడలేదు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చూసుండాల్సింది."

"తర్వాత ఏడుద్దువుగాని. ఇదిగో, దీని గురించి చెప్పు." తొమ్మిదో రీడర్ని బల్ల మీద పెట్టింది.

పని మాట రాగానే అమ్మాయి గొంతు సర్దుకుంది. "ఇది కొత్త ఫార్మాట్ చదవదండీ. దీనికోసం ఫైలుని పాత ఫార్మాట్‌లోకి మార్చాలి. బటన్ నొక్కితే మారిపోతుందంటారు మేనేజరు గారు. మారుతుంది, కానీ పట్టికలు చెదిరిపోతాయి. పక్క గడిలో ఉండాల్సినవి కిందికి జారతాయి. దీనికి వేరే ఫైలు చేతితో చెయ్యాలని మామగారు. అక్కర్లేదు, ఒక్క ఫైలే అని మేనేజరు గారు. మధ్యలో నేను."

"దీని వైరు ఏది?"

"పొడుగుది. అదొక్కటే ఉందండీ, ఆ కంపెనీ మూతబడింది, కొత్తది కొందామన్నా దొరకదు. దీని బ్యాటరీ చచ్చి రెండేళ్ళయింది. వైరు తగిలించి ఉన్నంతసేపే వెలుగుతుంది. అందుకే దాన్ని మాత్రం అలమారకి కట్టలేదు, మామగారు ఒళ్ళో పెట్టుకుని చదువుతారు."

"వైరు పీకేస్తే?"

"టక్కున ఆరిపోతుంది. మళ్ళీ పెడితే ఆగిన పేజీలోనే తెరుచుకుంటుంది."

"ఆయనకి తప్పు దొరికితే ఏం చేసేవాడు?"

"అక్కడితో ఆపేస్తారండీ. ఆ పేజీ అలాగే తెరిచిపెట్టి, నన్ను పిలిచి, వేలు పెట్టి చూపించాకే మూస్తారు. తర్వాతిది ముట్టుకోరు. తప్పున్న ఫైలుని ఇంకో యంత్రంలో చూడడం ఎంగిలి కంచంలో వడ్డించుకోవడమే అంటారు."

"ఈ పుస్తకం మూడింటికి అన్నారు. దాన్ని ఎవరు పంపాలి?"

"ఎవరూ పంపక్కర్లేదండీ. టైము ముందే పెట్టేస్తారు. ఈలోపు మామగారు తన కంప్యూటర్లో 'ఆపు' నొక్కకపోతే దానంతటదే వెళ్ళిపోతుంది. ఆపే అధికారం ఆయనొక్కరికే."

అత్తగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు.

"ఐదయింది. లేమ్మా," అన్నాడు కోడలితో.

"కూర్చోమ్మా," అంది అత్తగారు. "నీ దగ్గర చిన్న పట్టకారు ఉందా? వైర్లతో పనిచేసేదానివి, ఉండే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు నాయనా, ఆ సీలు విప్పండి."

"సాక్ష్యాన్నా? మీకు మతిపోయిందా?"

"సాక్ష్యం మీ చేతిలోనే ఉంది, అది చెప్పే మాట మీరు వినలేదు. ఆ వైరు దీనిది." రీడర్ని ముందుకి తోసింది. "మీ రిజిస్టరు ప్రకారం మాస్టారు దీన్ని ఒంటిగంటా నలభైకి మొదలుపెట్టి, చివరిదాకా చూసి, టిక్కు కొట్టి, పదోదానికి వెళ్ళాడు. అదే నిజమైతే దీన్ని వెలిగిస్తే చివరి పేజీ కనపడాలి. మిగతా పద్నాలుగూ అలాగే ఉన్నాయిగా."

"చివరి పేజీయే కనపడితే?"

"నా లైసెన్సు మీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాను. మీ రిటైర్మెంటుదాకా నా మొహం చూడక్కర్లేదు."

ఇన్‌స్పెక్టర్‌కి ఆ ఆశ బాగా నచ్చింది. పదేళ్ళలో ఆవిడ అతని కేసులు మూడు తిరగేసింది. ఇద్దరు కానిస్టేబుళ్ళని సాక్షులుగా పిలిచి, కాగితం మీద టైము వేసి, చేతులకి తొడుగులు వేసుకుని సంచి విప్పాడు. మేనేజరు కూడా అలికిడికి లేచి వచ్చాడు.

"ముందు ఆ మూతిలో ఇరుక్కున్నది తీయించండి," అంది అత్తగారు.

కోడలు పట్టకారుతో ఆ ఇనప ముక్కని మెల్లగా లాగింది. తెల్ల కాగితం మీద పడింది. అది ఫోను చార్జరు కొస, విరిగింది.

"మాస్టారిని చంపినవాడికి ఒక చిక్కొచ్చింది," అంది అత్తగారు. "బల్ల దగ్గర చేతికందిన వైరుని, అది దేనిదో కూడా చూడకుండా లాగి, పని కానిచ్చాడు. తర్వాత మాస్టారు పదిహేనూ చూసినట్టు నమ్మించడానికి, పది నుంచి పదిహేనుదాకా పుస్తకం తెరిచి చివరి పేజీకి తోశాడు. రిజిస్టరులో టైములు వేసి టిక్కులు కొట్టాడు. తొమ్మిదోది మాత్రం వెలగలేదు. ఎందుకు వెలగలేదో ఆ మహానుభావుడికి అర్థం కాలేదు. మెడకి చుట్టిందే దాని వైరని తెలియదు. వైర్లన్నీ ఒకటే, ఫైళ్ళన్నీ ఒకటే, లోకమంతా తన బోర్డులాగే ఉంటుందనుకునే రకం. జేబులోంచి సొంత వైరు తీసి అందులో కుక్కాడు. కొస విరిగి లోపలే ఉండిపోయింది. సరే, ఆరిపోయినదాన్ని ఎవరడుగుతారులే అని దానికీ ఒక టిక్కు కొట్టేశాడు."

మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడ ఆడ కానిస్టేబుల్ ఉంది.

"మీ ఫోను వైరేదండీ?" అంది అత్తగారు.

"ఇంట్లో... ఇంట్లో మర్చిపోయాను."

ఆడ కానిస్టేబుల్ అడగకుండానే అతని భుజాన ఉన్న బ్యాగు తెరిచింది. పక్క అరలోంచి చుట్ట చుట్టిన వైరు బయటికి తీసింది. దానికి కొస లేదు.

"పారెయ్యలేకపోయారా?"

మేనేజరు నాలుక తడుపుకున్నాడు. "వారంటీ ఉంది," అన్నాడు.

హంతకుల్లో తెలివైనవాళ్ళనీ, క్రూరుల్నీ, పిచ్చివాళ్ళనీ చూసింది అత్తగారు. వారంటీ కోసం దొరికిపోయినవాణ్ణి చూడ్డం ఇదే మొదలు. వీడి చేతిలోనా ఆ ముసలాయన పోయింది అనుకుంది.

"వైరు విరిగితే హత్య చేసినట్టేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అడిగింది మేనేజరు కోసం కాదు, తన పరువు కోసం. "ముందు దాన్ని వెలగనివ్వండి."

తనే వైరు అందుకుని తొమ్మిదో రీడర్‌కి తగిలించాడు. రెండో కొస గోడకి పెట్టాడు. తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది, చాలాసేపు అక్కడే నిలబడింది. పాత యంత్రాల ఓర్పు మనుషులకి ఉండదు. ఐదూ ఇరవై రెండు అయింది.

పేజీ తెరుచుకుంది. చివరిది కాదు, నూట నలభయ్యో పేజీ. పిల్లల మందుల పట్టిక. మధ్యలో ఒక వరస మీద ఎర్రగీత పెట్టి ఉంది. మాస్టారు ఆఖరిసారి వేలు పెట్టింది అక్కడే.

"తొమ్మిదోదాంట్లో తప్పు దొరికింది," అంది అత్తగారు. "అక్కడితో ఆగాడు. తన కంప్యూటర్లో 'ఆపు' నొక్కడానికి లేవబోయాడు. అప్పటికి టైము రెండు కూడా కాలేదు. ఆ సమయానికి ఈ అమ్మాయి స్కూల్లో టీచరు ఎదురుగా కూర్చుంది. ఆయనతో ఈ ఆఫీసులో ఉన్నది మీరొక్కరే మేనేజరు గారూ. 'తొమ్మిదోది సరిపోయిందన్నారు, నవ్వారు కూడా' అన్నారు చూడండి, ఆ ఒక్క ముక్క చాలు."

"మామగారు నవ్వారా?" అంది కోడలు ఎవరినీ ఉద్దేశించకుండా. "తప్పున్న ఫైలు చూసి?"

మేనేజరు ముఖంలో నునుపు పోయింది. "పదకొండు సార్లు," అన్నాడు. గొంతులో పశ్చాత్తాపం లేదు, ఉన్నదంతా ఉక్రోషమే. "పన్నెండు ఆసుపత్రుల ముందు నా పరువు తీశాడు. పదిహేనింట్లో పద్నాలుగు బాగున్నాయి కదా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ పాత డబ్బాని ఇప్పుడెవడు వాడతాడన్నాను. ముసలాయన నా మాట సగంలో ఉండగానే అటు తిరిగాడు. నన్నొక మనిషిలా కూడా చూడలేదు."

"ఆయన చూపు బాగానే ఉంది," అంది అత్తగారు. "బేడీలు వెయ్యండి నాయనా. ఈసారి సరైన చేతులకి."

ఇన్‌స్పెక్టర్ బేడీలు వేశాడు. ఆవిడ గెలిచినందుకు సంతోషపడాల్సిన సమయం అది. కానీ కోడలు ఇంకా ఆ తెర మీదికి వంగి ఉంది. ఎర్రగీత పెట్టిన వరస మీద ఆమె వేలు కదలడం లేదు.

"ఏమిటమ్మా?"

"మూర్ఛ వచ్చే పిల్లలకిచ్చే మందండీ. ఎనిమిది కిలోల పిల్లకి సున్నా పాయింట్ ఐదు. ఇందులో సున్నా, చుక్క పై గడిలో చిక్కుకుపోయాయి. కింద ఐదు ఒక్కటే మిగిలింది." ఆమె మేనేజరు వైపు తిరిగింది. "ఈ పాత డబ్బాని ఎవడు వాడతాడని అడిగారు. ఆసుపత్రి వార్డుల్లో ఉన్నవన్నీ ఇవేనండీ. మూడేళ్ళ క్రితం మనమే ఇచ్చాం. మీరే వెళ్ళి ఇచ్చి ఫొటో దిగొచ్చారు."

గదిలో అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మూడింటిలోపు ఎవరూ 'ఆపు' నొక్కలేదు. పుస్తకం వెళ్ళిపోయి రెండున్నర గంటలు కావొస్తోంది. ఇంతసేపూ పేజీ గురించి, వైరు గురించి, టైముల గురించి పోట్లాడిన అత్తగారికి పుస్తకం సంగతే తట్టలేదు. ఇంకెవరైనా ఇలా చేసి ఉంటే ఏమనేదో, ఆ మాటలన్నీ తన్నే తిట్టుకుంది.

"ఆరింటికి మందుల రౌండు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పటికే ఫోను తీశాడు. "ఇంకా టైముంది. మా ఆవిడ ఆరు కాకుండా మొదలుపెట్టదు. గడియారం తప్పదు."

ఫోను మోగింది. నాలుగోసారికి ఎత్తారు. అతను స్పీకరు పెట్టాడు.

"ఏంటండీ, రౌండులో ఉన్నాను," అంది హెడ్ నర్సు. గొంతు హుషారుగా ఉంది. వెనక ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది.

"రౌండేంటి? ఆరింటికి కదా?"

"ఇవాళ ముందే మొదలుపెట్టేశామండీ. కొత్త పుస్తకం వచ్చింది కదా, వెతుక్కునే పని లేదు. నాలుగు మంచాలు అప్పుడే అయిపోయాయి కూడా."

ఇన్‌స్పెక్టర్ ఫోను మీదికి వంగాడు. కోడలు అతని చేతిలోంచి ఫోను లాక్కుంది. ఇందాక తనని లేమ్మా అన్న మనిషని కూడా చూడలేదు.

"అక్కా, పుస్తకం చేసినదాన్ని మాట్లాడుతున్నాను. ఇంక ఎవరికీ ఏమీ వెయ్యకండి. మూర్ఛ మందు పేజీ తియ్యండి. ఎనిమిది కిలోల గడిలో ఏముందో ఉన్నదున్నట్టు చదవండి."

తెర మీద వేలు ఆడించిన చప్పుడు సన్నగా వినిపించింది.

"ఐదు," అంది హెడ్ నర్సు. "మూడో మంచానికి అదే వేశాను. ఎందుకమ్మా?"